నాలుగో నట్టు

పదో తరగతి లెక్కల పరీక్ష రోజున నేను చేయవలసిన పనులు ఇవి.

తెల్లవారి ఐదింటికి లేవడం.

ఫోను ఇంట్లోనే వదిలేయడం. పరీక్షా కేంద్రంలోకి ఫోను తేకూడదు.

ఏడుంబావుకల్లా మండల పోలీసు స్టేషనుకి చేరి, ప్రశ్నపత్రాల పెట్టెకి వేసిన తాళం, సీలు చూసి, కవర్ల నంబర్లు మెమోతో సరిపోల్చి సంతకం పెట్టడం.

స్టేషను రిజిస్టరులో కారు నంబరు, బయల్దేరిన సమయం, వెంట వచ్చే కానిస్టేబుల్ పేరు రాయించడం.

దారిలో ఎక్కడా ఆగకపోవడం.

ఎనిమిదీ నలభై అయిదుకల్లా కేంద్రంలో హెడ్మాస్టరు గారికి పెట్టె అప్పజెప్పడం.

తిరిగొచ్చేటప్పుడు అమ్మకి బీపీ మాత్రలు తేవడం. ఇది మెమోలో లేదు, అమ్మ చెప్పింది.

వీటిలో, దారిలో ఆగకపోవడం, ఎనిమిదీ నలభై అయిదుకల్లా చేరడం నేను చేయలేకపోయాను. ఎందుకు చేయలేకపోయానో అదే రోజు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితంలో జరిగినదంతా లేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు విజయ్ పాల్. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన మొదటివాణ్ణి కూడా నేనే. ఆ మార్చిలో పక్క ఊరి పరీక్షా కేంద్రానికి ప్రశ్నపత్రాలు చేర్చే డ్యూటీ నాకు వేశారు. ఆ ఊరికి సరైన బస్సు లేదు. నాకు చిన్న కారు ఉంది కనక ఆ కారు నంబరే రిజిస్టరులో రాశారు. సామర్లకోటలో చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా ఒకాయన వాడి అమ్మేసిన కారది. పదకొండేళ్ళది.

ఆ కారు గురించి చెప్పేముందు మా నాన్న గురించి చెప్పాలి.

నాన్న పేరు జీవరాజు. ముప్ఫైనాలుగేళ్ళు బుల్లబ్బాయి గారి ట్రాక్టరు నడిపాడు. వరి నాట్లకి చేను బురదగా దున్నడానికి, అంటే దమ్ము చేయడానికి, ట్రాక్టరు చేలో దిగాలంటే రబ్బరు చక్రాలు విప్పి ఇనప చక్రాలు వేయాలి. దమ్ము అయ్యాక ఇవి విప్పి మళ్ళీ అవి వేయాలి. ఏటా రెండు పంటలకీ ఇదే పని. ఒక సార్వా పంటప్పుడు నట్లు వదులై ఇనప చక్రం చేలోనే ఊడింది. పక్కన నడుస్తున్న రాముడనే కూలీ కాలు మీద పడింది. ఆయన మళ్ళీ చేలో దిగలేదు. ఆ రోజు నట్లు బిగించింది నాన్నే. అప్పటి నుంచీ పొద్దున్నే పానాకి మూరన్నర పొడుగు పైపు తొడిగి, ఆ పైపు మీద కాలు వేసి ఊగి, నట్లన్నీ బిగించాకే ట్రాక్టరు తాళం తిప్పేవాడు. ఒక్క రోజు మానలేదు.

నేను కారు కొన్నాక ఆ పైపు మళ్ళీ బయటికి వచ్చింది. అప్పటికి నాన్న పని మానేసి మూడేళ్ళు. పొద్దున్న ప్రార్థన అయ్యాక, కాఫీ తాగకముందే, కారు చుట్టూ తిరిగి పదహారు నట్లూ బిగించేవాడు. నట్టు ఎక్కి కూర్చునే మరల కడ్డీని స్టడ్డు అంటారు. ట్రాక్టరు స్టడ్డు నాన్న బొటనవేలికన్నా లావు. కారు స్టడ్డు చిటికెనవేలంత ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ సంగతి రాసి ఉంది. కారుతో ఇచ్చిన పానాని చేత్తో లాగినంత చాలు, కాలితో తొక్కకూడదు, పైపు తొడగకూడదు. తొక్కితే స్టడ్డు సాగి ఒకనాటికి తెగుతుంది.

నేను ఆ పేజీ చదివాను. చదివి పుస్తకం బీరువాలో పెట్టేశాను. నాన్నకి చెప్పలేదు. ఆయన నా కోసం చేయగలిగిన పని అదొక్కటే. వద్దని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

లెక్కల పరీక్ష రోజున స్టేషనులో పనులన్నీ సరిగానే జరిగాయి. పెట్టెని డిక్కీలో పెట్టాం. వెంకటదుర్గ అనే కానిస్టేబుల్ ముందు సీట్లో కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. పెద్దాపురం అమ్మాయి. బయల్దేరేసరికి ఏడూ నలభై.

పెద్ద రోడ్డు మీద తూము కడుతున్నారని ఆ వారమంతా కాలవగట్టు మీదుగానే రాకపోకలు. ఎడమ పక్క కాలవ, కుడి పక్క చేలకి నీళ్ళు పోయే పంటబోదె, దాని అవతల దాళ్వా చేలు. మధ్యలో ఒక్క బండి పట్టేంత రోడ్డు. ఎదురు బండి తప్పుకోవాలంటే ఎక్కడో రెండు కిలోమీటర్లకి ఒకచోట కాస్త జాగా ఉంటుంది. మా ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయాం. ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా ముందు ఎడమ చక్రం కింద కంకర రాయి కస్సుమంది. స్టీరింగు ఒక్కసారిగా కాలవ వైపు లాగింది.

దిగి చూశాను. టైరు పక్కన జానెడు పొడుగున చీరుకుపోయింది. చక్రానికీ కాలవ అంచుకీ మధ్య అడుగున్నర నేల ఉంది.

"మేస్టారూ, స్టెప్నీ ఉందా అండి?" అంది వెంకటదుర్గ.

"ఉందండి. డిక్కీలో."

"డిక్కీలో ఎక్కడ?"

"పెట్టె కిందండి."

ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. పెట్టెని దారిలో కదపకూడదు. కదపకపోతే చక్రం రాదు. చివరికి ఇద్దరం కలిసి ఎత్తి వెనక సీట్లో పెట్టాం. ఆమె పక్కన కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇంక నేను దిగనండి. మీ పని మీరు చూసుకోండి. పావుగంటలో అయిపోద్దా?"

"అయిపోతుందండి," అన్నాను. అప్పటికి ఎనిమిది అయ్యింది.

జాకీ పెట్టకముందే నట్లు వదులు చేసుకోవాలి. మొదటి నట్టుకి పానా పెట్టి లాగాను. రాలేదు. నిలబడి తొక్కాను. కీచుమని అరిచి కదిలింది. దాని పక్కనున్న రెండోదాన్ని తొక్కాను. టప్పుమని ఒక చప్పుడు, పానా చేతిలోంచి జారింది. నట్టు ఊడలేదు, స్టడ్డే విరిగి నట్టుతో సహా వచ్చేసింది. మూడోది మొదటిదానికి ఎదురుగా ఉంది, అది వచ్చింది. నాలుగోదానికి పానా పెడితే సులువుగా తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఇరవై చుట్లు తిప్పాను. ముప్ఫై చుట్లు తిప్పాను. తిరుగుతూనే ఉంది, ఒక్క మర కూడా బయటికి రాలేదు.

అప్పుడు వెనక హారన్ మోగింది. కొబ్బరికాయల లోడుతో ఒక లారీ మా కారు వెనకాల నాలుగు గజాల్లో ఆగింది. డ్రైవరు దిగి లుంగీ పైకి కట్టుకుంటూ వచ్చాడు. పేరు వీరాస్వామి అని తర్వాత చెప్పాడు.

"ఏంటి మేస్టారూ, కాలవలో చేపలు చూస్తన్నారా?"

"నట్టు తిరుగుతోంది గానీ ఊడట్లేదండి."

అతను వంగి, పానా తీసుకుని రెండు చుట్లు తిప్పి వదిలేశాడు.

"ఇది నట్టు తిరగటం కాదండి. లోపల స్టడ్డే తిరుగుద్ది. హబ్బులో స్టడ్డుని పట్టుకునే పళ్ళు అరిగిపోయాయి. మీరు సాయంత్రం దాకా తిప్పండి, అది మీతో పాటే తిరుగుద్ది. పెళ్ళిలో చిన్నపిల్లోడిలాగా."

"మీ దగ్గర పానాలేమైనా..."

"నా పానా మీ నట్టుకి పెడితే పిల్లి తలకి గంగాళం పెట్టినట్టు ఉంటదండి." తర్వాత విరిగిన స్టడ్డుతో ఊడిన నట్టు చేతిలోకి తీసుకుని చూశాడు. "ఎవరండీ బాబూ, ఇలా బిగించింది? మనిషా, ఏనుగా? ఏ షాపండీ?"

"రాజమండ్రిలో," అన్నాను.

అబద్ధం అంత తొందరగా వస్తుందని నాకు తెలియదు.

"ఆడి దగ్గరికి మళ్ళీ ఎళ్ళకండి. చంపేత్తాడు."

గాలి లేకపోయినా సరే, నెమ్మదిగా పోనిద్దాం అనుకుని ఊడిన రెండు నట్లూ మళ్ళీ బిగించి కారు కదిపాను. పది గజాలు వెళ్ళానో లేదో, చక్రం అటూ ఇటూ ఊగి, కారు ఎడమకి జారింది. వెనక సీట్లోంచి వెంకటదుర్గ, "ఆపండి మేస్టారూ, ఆపండి, ఆపండి!" అని అరిచింది. ఆపి దిగి చూస్తే అడుగున్నర నేల జానెడైంది. కుడి వైపుకి మెల్లగా వెనక్కి తీసి, మళ్ళీ మునుపటి చోటికే తెచ్చి పెట్టాను.

వెంకటదుర్గ ఫోను నుంచి కేంద్రానికి చేశాం. హెడ్మాస్టరు హరిబాబు గారు ఎత్తారు.

"ఎక్కడండీ విజయ్ పాల్ గారూ?"

"కాలవగట్టు మీదండి. టైరు పోయిందండి."

"పోతే మార్చండి."

"నట్టు రావట్లేదండి."

"నట్టు రాకపోవడం ఏంటండి? మీకు రాదా, దానికి రాదా?"

"దానికేనండి."

"ఆటో పంపనా?"

"రిజిస్టరులో నా కారు నంబరు రాశారండి."

"అవునవును. వద్దొద్దు. పైవాళ్ళని అడిగి చెప్తాను. అప్పటిదాకా మీరు అక్కణ్ణించి కదలకండి."

"కదిలే పరిస్థితి లేదండి," అన్నాను.

పరీక్షల ముందు జరిగిన ట్రైనింగులో మాకు ఒకటికి పదిసార్లు చెప్పారు. పెట్టె వేరే బండి ఎక్కినా, వేరే చేతికి మారినా, అప్పటికప్పుడు సస్పెన్షను. పెట్టె వెళ్ళకపోతే నూట డెబ్బై నాలుగు మంది పిల్లలకి లెక్కల పరీక్ష లేదు. రెండూ నిజాలే. ఆ రెండిటి మధ్యా నేను కాలవగట్టు మీద నిలబడి ఉన్నాను.

ఆరేడు నిమిషాల తర్వాత హరిబాబు గారు మళ్ళీ చేశారు. ఆటోకి పైవాళ్ళు ఒప్పుకోలేదు, జీపు పంపుతున్నారు. జీపు ఎటు నుంచి వస్తుందని అడిగాను. స్టేషను వైపు నుంచి. అంటే లారీ వెనక నుంచి.

"ఇక్కడ లారీ అడ్డంగా ఉందండి. జీపు ఇటు రాలేదు."

"అయితే లారీని వెనక్కి తీయమనండి."

వీరాస్వామికి పెట్టె సంగతి చెప్పి, ఆ మాట చెప్పాను. అతను కారు బానెట్‌కి ఆనుకుని బీడీ వెలిగించబోతూ, పెట్టె గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు.

"క్లీనరు లేడండి. ఎనకాల కిలోమీటరున్నర గట్టు, మద్దెలో వంపు. నేను ఎనక్కి తీత్తే లారీ కాలవలో ఉంటది, కాయలు కాకినాడలో ఉంటాయి. మీ జీపు వచ్చేలోపు ఈ నట్టు పగలగొట్టుకోటం మేలు. ఉలి ఉందా?"

"లేదండి."

"ఎవరి దగ్గరన్నా ఉందా?"

ఉంది. ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. ఆ నట్టుని ఆ స్థితికి తెచ్చిన మనిషి దగ్గరే ఉంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఇనుము పని తెలిసిన మనిషి ఆయనొక్కడే. వస్తే ఆ చక్రం చూస్తాడు. చూస్తే తెలిసిపోతుంది.

అయినా నా నంబరుకే చేశాను. నా ఫోను ఇంట్లో ఉంది కదా. చాలాసేపు మోగాక అమ్మ ఎత్తింది.

"ఎవరండీ? మా అబ్బాయి లేడండి, డ్యూటీకి ఎళ్ళాడు."

"నేనేనమ్మా."

"నువ్వా! నీ ఫోనుకి నువ్వే చేసుకోటం ఏంట్రా? తియ్యనా వద్దా అని చూస్తన్నాను."

"నాన్నకి ఇవ్వమ్మా, తొందరగా."

నాన్న ఫోను అందుకున్నాక, కాలవగట్టు మీద ఉన్నాను, టైరు మార్చాలి, ఒక నట్టు రావట్లేదు, ఇనుము కోసే ఉలీ పెద్ద సుత్తీ పట్టుకురమ్మని చెప్పాను.

"రాకపోటమేంటి? పొద్దున్నే చూసేనే," అన్నాడు. "ఇదిగో వస్తన్నా."

ఎనిమిదీ ఇరవై అయిదుకి లారీ పక్క సందులోంచి సైకిలు నడిపించుకుంటూ నాన్న కనబడ్డాడు. డెబ్బై ఒకటో ఏడు. హ్యాండిల్‌కి గోనెసంచి వేలాడుతోంది. అప్పటికే ఎండ ఎక్కింది, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. వెంకటదుర్గ కారు అద్దం సగం దించి, "ఎవరండీ ఈయన?" అంది.

"మా నాన్నగారండి."

"బాబాయ్ గారూ, పెట్టె వైపు రాకండి. తప్పుగా అనుకోకండి, రూలు."

"నాకు పెట్టెతో పనేంటి తల్లీ, చక్రంతో పని," అన్నాడు నాన్న.

చక్రం కాలవ వైపు ఉంది. దాని ముందు కూర్చోడానికి జాగా లేదు. నాన్న ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో కాలు గట్టు వాలు మీద దిగవేశాడు. వీపు వెనక నీళ్ళు. నేను ఆయన నడుముకి చుట్టుకున్న తువ్వాలు పట్టుకుని, రెండో చేత్తో కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ముందుగా నాలుగో నట్టు వెనకాల స్క్రూడ్రైవరు దూర్చి, బయటికి ఎత్తి పట్టి తిప్పి చూశాడు. అలా ఎత్తి పడితే లోపలి పళ్ళు కాస్త పట్టుకుంటాయని ఆశ. పట్టుకోలేదు. స్క్రూడ్రైవరు వంగిపోయింది.

"పగలాల్సిందే," అన్నాడు. ఉలి అందుకున్నాడు.

నట్టు పక్కభాగం మీద ఉలి నిలబెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. స్టడ్డుకి తగలకుండా, చక్రానికి తగలకుండా, ఒకే గీత మీద. దెబ్బ పడ్డప్పుడల్లా తువ్వాలు నా పిడికిలిలో జారేది. ఆయన ఒక్కోసారి ఊపిరి కోసం ఆగేవాడు. ఆగినప్పుడు కాలవ చప్పుడు వినిపించేది. వెంకటదుర్గ అయిదు నిమిషాలకోసారి టైము చెప్పేది. ఎనిమిదీ ముప్ఫై. ఎనిమిదీ ముప్ఫైయైదు. నేను ఎవరికీ ఏమీ చేయలేను. తువ్వాలు వదిలితే నాన్న కాలవలో పడతాడు, పట్టుకుంటే ఇంకో పని చేయలేను.

"నేను కొడతాను, లే నాన్నా," అన్నాను.

"నీకు రాదురా. ఏలు తెగ్గొట్టుకుంటావు. రేపు ఏ చేత్తో రాత్తావు?"

ఎనిమిదీ నలభైకి నట్టు చీలింది. రెండో పక్క నాలుగు దెబ్బలు పడగానే రెండు ముక్కలై కాలవలోకి జారింది. వీరాస్వామి అప్పటికే మిగతా రెండు నట్లూ విప్పి జాకీ ఎత్తి ఉంచాడు, చక్రం లాగేశాడు.

నాన్న లేవలేదు. అక్కడే కూర్చుని, విరిగిన రెండో స్టడ్డు ముక్క కింద పడి ఉంటే తీసి ఎండలో పట్టి చూశాడు. దాని మెడ దగ్గర సన్నబడి ఉంది. సాగదీసిన బెల్లంపాకంలాగా. ఇనుము సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"చూశారా పెద్దాయనా," అన్నాడు వీరాస్వామి. "రాజమండ్రిలో షాపోడంటండి ఇలా బిగించింది. ఆడికి నాలుగు తగిలించాలి."

నాన్న నా వైపు చూశాడు. నేను ఆయన ముఖం చూడలేక సుత్తి వైపు చూశాను.

"రాజమండ్రి షాపోడు అని మావోడు చెప్పేడా?"

"ఆయ్. మేస్టారే చెప్పారండి."

నాన్న ఆ ముక్కని జేబులో వేసుకున్నాడు.

"షాపోడు కాదు నాయనా. నేనే. రోజూ నేనే బిగిత్తాను. పైపు ఏసి."

కారు లోపల వెంకటదుర్గ తల తిప్పి చూసింది. వీరాస్వామి అన్నాడు, "అయితే ఏనుగు మీరేనన్నమాట. ఈ వయసులో ఆ బలం ఏంటండీ బాబూ! మా ఓనరుకి చెప్పి లారీ మీద పెట్టిత్తాను." నాన్న నవ్వలేదు.

"నీకు తెలుసా, ఇలా అవుద్దని?" అని నన్ను అడిగాడు.

"తెలుసు నాన్నా."

"ఎలాగ?"

"కారు పుస్తకంలో రాసుంది. చేత్తో లాగినంతే చాలని."

"ఎప్పుడు చదివేవు?"

"కారు కొన్నప్పుడే."

"కొన్నప్పుడే," అన్నాడు నాన్న. అరిచి ఉంటే బాగుండేది. నా చదువు కోసం ఆయన పడిన కష్టం నాకు తెలుసు. ఆ చదువుతో నేను ఒక పేజీ చదివి, ఆయనకి పనికొచ్చే ఒక్క ముక్క ఆయనకి చెప్పకుండా దాచాను. గౌరవం అనుకుని దాచాను. ఆ గట్టు మీద అది గౌరవంలా అనిపించలేదు.

"టైము, మేస్టారూ," అంది వెంకటదుర్గ. "నలభై అయిదు దాటింది."

స్టెప్నీ ఎక్కించాం. మొదటి స్టడ్డూ మూడో స్టడ్డూ ఎదురెదురుగా ఉన్నాయి, రెండిటికీ మరలు బాగానే ఉన్నాయి. నాన్న గోరుతో ఒక్కో మరా తడిమి చూసి, "ఈ రెండూ ఆగుతాయి. పరిగెత్తించకపోతే ఆగుతాయి," అన్నాడు. తర్వాత పానా నా చేతికి ఇచ్చాడు.

"నువ్వు బిగించు. పుస్తకంలో ఎలా ఉంటే అలా."

ముందు రెండిటినీ చేత్తో ఎక్కించాను. జాకీ దించాక పానా పెట్టి, భుజం బలంతో ఒక్కో నట్టునీ లాగాను. అది ఆగిన చోట నేనూ ఆగాను. నాన్న కళ్ళు ఆ నట్టు మీదే ఉన్నాయి. ఆయన చెయ్యి ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు గాలిలో కదిలింది.

రెండు నట్ల మీద కారు నడపమని నేను ఎవరికీ చెప్పను. అది తప్పు. ఆ రోజు నాకు ఇంకో దారి కనబడలేదు.

"ఎక్కు నాన్నా," అనబోయి ఆగాను. పెట్టె ఉన్న బండిలో బయటివాళ్ళు ఎక్కకూడదు. నా ముఖం చూసి ఆయనే అన్నాడు. "నేనెక్కకూడదు కదా. పో. నువ్వు పో. దడదడ మంటే ఆపెయ్, ఆగి చూసుకో."

పదిహేను దాటకుండా నడిపాను. అద్దంలో సైకిలు పక్కన నిలబడ్డ నాన్న, ఆయన్ని ఒరుసుకుంటూ మెల్లగా కదిలిన కొబ్బరికాయల లారీ కనిపించాయి. లారీ దాటిపోవడానికి నాన్న సైకిలుతో సహా గట్టు వాలు మీదికి ఒదిగాడు. ప్రతి గుంతకీ నేను చక్రం చప్పుడు విన్నాను. వెనక సీట్లో వెంకటదుర్గ రెండు చేతులతో పెట్టెని పట్టుకుని వాళ్ళ ఊరి దేవత మరిడమ్మ తల్లిని తలుచుకుంటోంది. నేను నా దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

కేంద్రం గేటు దగ్గర ఆగేసరికి తొమ్మిదీ పన్నెండు. పంపుతామన్న జీపు అప్పటికీ మమ్మల్ని అందుకోలేదు. కవర్లు విప్పవలసింది తొమ్మిదింబావుకి. హరిబాబు గారు మెట్ల మీదే నిలబడి ఉన్నారు, చొక్కా తడిసిపోయి ఉంది. పెట్టె దించాం, సీలు చూశారు, చెక్కు చెదరలేదు. తొమ్మిదిన్నరకి గంట కొట్టారు. గదుల్లో నూట డెబ్బై నాలుగు మంది కాగితాలు తిప్పిన చప్పుడు వరండాలోకి వినిపించింది. అప్పుడు నేను కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

పరీక్ష అయ్యాక హరిబాబు గారు నన్ను గదిలోకి పిలిచి తెల్ల కాగితం ఇచ్చారు. ఆలస్యానికి కారణం రాయాలి.

"‘దారిలో టైరు చిరిగింది, మార్చుకుని వచ్చాను, సీలు భద్రం’ అని రాయండి. నాలుగు లైన్లు చాలు."

"మా నాన్నగారు వచ్చి విప్పారండి. అది కూడా..."

"మీరు మంచి మనిషి విజయ్ పాల్ గారూ, కాదనను. కానీ బయటి మనిషి ఒకాయన పెట్టెకి రెండడుగుల దూరంలో సుత్తి పట్టుకుని కూర్చున్నాడని రాస్తే, రేపు మిమ్మల్ని పిలుస్తారు, నన్ను పిలుస్తారు, ఆ పిల్లని పిలుస్తారు. మీ నాన్నగారిని కూడా పిలుస్తారు. ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పాలని ఉందా మీకు?"

లేదు. నాలుగు లైన్లే రాశాను. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను కాగితం మీద చాలాసేపు ఆగింది. స్టేషను రిజిస్టరులో వెంకటదుర్గ కూడా అంతే రాసింది. రాసి, "బాబాయ్ గారికి నా నమస్కారాలు చెప్పండి మేస్టారూ," అంది.

సాయంత్రం మెకానిక్కు విరిగినది పోను మిగతా పదిహేను స్టడ్లూ చూశాడు. పదకొండు సాగి ఉన్నాయి. అన్నీ మార్పించాను. రాత్రి భోజనాల దగ్గర నాన్న ఆ పేజీ చదివి వినిపించమన్నాడు. చదివాను. రెండోసారి చదవమన్నాడు. మళ్ళీ చదివాను. "ఇది ఇంగ్లీషులో ఉందా?" అన్నాడు. అవునన్నాను. "ట్రాక్టరుకీ ఇలాంటి పుస్తకం ఉండే ఉంటదిలే. మాకెవరూ చదివి పెట్టలేదు," అని చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

ఆ ఏడు మా కేంద్రంలో లెక్కలు రాసిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ళకి ఆ పేపరు ఎలా వచ్చిందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. రిజిస్టరులో నా పేరుంది, వెంకటదుర్గ పేరుంది, కారు నంబరు ఉంది. జీవరాజు పేరు ఏ కాగితంలోనూ లేదు. నా చేత్తో రాయాల్సిన చోట నేనే రాయలేదు. అడిగినవాళ్ళు లేకపోయినా తప్పు తనదని పరాయివాళ్ళ ముందు చెప్పి, కాలవ వైపు కూర్చుని ఆ తప్పుని తన సుత్తితోనే విప్పి, కారెక్కకుండా సైకిలు పట్టుకుని ఇంటికి నడిచాడాయన. ఇది చదివినవారు ఆ పేరు ఒక్కసారి పైకి అనుకుని గుర్తుపెట్టుకోండి. జీవరాజు.